ఆగి, అనుకొని, అప్పుడు నొక్కు: నాలుగైదేండ్ల పిల్లలతో నడిపే బొమ్మల ఆట

నాలుగేండ్ల పిల్ల చేతికి బటన్ల బొమ్మ ఇస్తే మొదటి రోజు దాదాపు ప్రతి ఇంట్లో జరిగేది ఇదే. ముందుకు బాణం ఉన్న బటన్ నొక్కుతుంది. బొమ్మ కదలదు. మళ్ళీ నొక్కుతుంది, కదలదు. ఇంకా గట్టిగా, ఇంకా తొందరగా, తొమ్మిదిసార్లు నొక్కేస్తుంది. పక్కనుంచి ఎవరో "ఆకుపచ్చది నొక్కు బిడ్డా" అంటారు. నొక్కగానే బొమ్మ తొమ్మిది అడుగులూ వరుసగా వేసి మంచం కిందికి దూరిపోతుంది. ఒక్కో అడుగు 15 సెంటీమీటర్లనుకుంటే మొత్తం 135 సెంటీమీటర్లు. పిల్లకు మాత్రం తను నొక్కినదానికీ బొమ్మ పోయినదానికీ సంబంధం ఏమీ కనబడదు.

నేర్పాల్సింది ఆ సంబంధమే. నొక్కడానికీ కదలడానికీ నడుమ ఒక ఖాళీ ఉంది. ఆ ఖాళీలో పిల్ల ఆగాలి, బొమ్మ ఎటు పోతుందో మనసులో చూసుకోవాలి, నోటితో చెప్పాలి, ఆ తర్వాతే నొక్కాలి. తప్పితే ఎక్కడ తప్పిందో వెతకాలి. బడికి పోకముందు వయసులో సాంకేతికత అంటే ఇంతే చాలు. దీనికి ఫోను అక్కర్లేదు, తెర అక్కర్లేదు. రెండు నుంచి నాలుగేండ్ల పిల్లలకు రోజు మొత్తం మీద తెర ముందు గంటకు మించి వద్దని, తక్కువైతే ఇంకా మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే చెప్పింది. కాబట్టి ఫోన్ యాప్‌తో మాత్రమే నడిచే బొమ్మను ఈ వయసుకు కొనకండి.

కొనే ముందు బొమ్మ ఏ రకమో తెలుసుకోండి. నొక్కగానే ఒకే పని చేసేవి ఒక రకం: మీట నొక్కితే గంట మోగేది, తిప్పితే దీపం వెలిగేది, కీ ఇస్తే ఉరికేది. ఇవి రెండున్నర, మూడేండ్ల వాళ్ళకు. నొక్కినంతసేపు నడిచి, వదిలితే ఆగేవి రెండో రకం. రిమోట్ కార్లన్నీ ఇందులోకే వస్తాయి, మూడున్నర దాటాక ఇవ్వొచ్చు. నొక్కినవన్నీ గుర్తుపెట్టుకొని, చివర్లో 'నడువు' అనే ఆకుపచ్చ బటన్ నొక్కితే వరుసగా చేసుకుంటూ పోయేవి మూడో రకం. తేనెటీగ ఆకారంలో ఉండే బీ-బాట్ ఈ రకమే. అడుగు 15 సెంటీమీటర్లు, మలుపు సరిగ్గా 90 డిగ్రీలు, పాత మోడల్‌లో 40 ఆదేశాలు, కొత్తదాంట్లో 200 వరకు నిలుస్తాయి. నాలుగున్నర, ఐదేండ్లకు ఇది సరైన వయసు. మొదటి రెండూ ఆడకుండా నేరుగా మూడోదాని మీదికి దూకితే పైన చెప్పిన తొమ్మిదిసార్ల నొక్కుడే మిగులుతుంది.

ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. పిల్లల కోసం లోగో అనే కంప్యూటర్ భాష 1967లో అమెరికాలో పుట్టింది. నేల మీద పాకే 'తాబేలు' యంత్రం దానికి తర్వాత తోడైంది. అయితే లోగోకు ఆదేశాలు టైపు చేయాలి, అక్షరాలు రాని పిల్లలకు అది కుదరదు. 1970లలో ఎంఐటీ అనే సాంకేతిక విద్యాసంస్థలో రేడియా పెర్ల్‌మన్ అనే ఆవిడ దానికొక దారి కనిపెట్టారు. బటన్ల పెట్టెలు చేశారు, గాడిలో వరుసగా గుచ్చే ప్లాస్టిక్ కార్డులు చేశారు. ఏ కార్డు ఆదేశం నడుస్తుంటే దాని దగ్గర దీపం వెలిగేది. ఆ తర్వాతి కాలంలో కంప్యూటర్ నెట్‌వర్కుల్లో పెద్ద పేరు తెచ్చుకున్నది ఆవిడే. ఆ దీపం సంగతి గుర్తుంచుకోండి, కార్డుల దగ్గర మళ్ళీ పనికొస్తుంది.

బొమ్మను బయటికి తీయకముందు వారం, రెండు వారాలు ఒంటితో ఆడించండి. వాకిట్లో తొక్కుడుబిళ్లకు గీసినట్టే చాక్‌పీసుతో గళ్ళు గీయాలి. ఒక్కో గడి పిల్లల అడుగుకు సరిపడా 40 సెంటీమీటర్లు, పొడవున ఐదు, అడ్డంగా నాలుగు. పెద్దవాళ్ళు బొమ్మ అవుతారు, పిల్లలు నడిపిస్తారు. నియమం ఒకటే: చెప్పింది మాత్రమే చేయాలి, చెప్పనిది చేయొద్దు. గోడ అడ్డమొస్తే గోడకు ఆని నిలబడిపోవాలి, జాలిపడి పక్కకు జరగొద్దు. పిల్లలు కడుపుబ్బ నవ్వుతారు, "గోడున్నది, తిరుగు" అని అరుస్తారు. "ఎటు తిరగాలె?" అని అడగండి. యంత్రానికి గోడ కనబడదనీ, చెప్పకపోతే దానికి తెలియదనీ వాళ్ళకు అక్కడే తెలిసిపోతుంది. తర్వాత పాత్రలు మార్చుకోవాలి. పిల్ల బొమ్మ అయినప్పుడు ఒక్కో ఆదేశానికి ఒక చప్పట్టు కొట్టండి. చప్పట్టు లేనిదే అడుగు పడొద్దు. రెండో వారానికి మూడు ఆదేశాలు ఒక్కసారే చెప్పి, చివర్లో "నడువు" అనండి. మూడింటిని తలలో పెట్టుకొని వరుస తప్పకుండా నడిస్తే, ఆ పిల్ల మూడో రకం బొమ్మకు తయారైనట్టే.

ఇక అసలు చిక్కు మలుపు దగ్గర. ఈ ఆటలో పిల్లలు తడబడే చోట్లు పది ఉంటే అందులో ఏడెనిమిది ఇక్కడే.

బొమ్మ మీద కుడి బాణం చూసిన పిల్ల, అది నొక్కితే బొమ్మ కుడిదిక్కు గడిలోకి పోతుందనుకుంటుంది. బొమ్మ పోదు. ఉన్నచోటనే కుడికి మొహం తిప్పుకొని ఆగిపోతుంది. పోవాలంటే ఆ తర్వాత ముందుకు బటన్ కూడా నొక్కాలి. ఈ పొరపాటును పెంచేది మన మాటే. ఆటోవాలాకు చెప్పినట్టు "కుడికి పో" అంటాం. ఆ మాటలో తిరగడమూ పోవడమూ రెండూ కలిసే ఉన్నాయి. పిల్ల ఆ రెండింటినీ ఒక్కటిగానే వింటుంది. కాబట్టి బొమ్మ ఆటలో "కుడికి పో" అనే మాటే వాడకండి. "ఉన్నకాడనే కుడికి తిరుగు" అనండి. ఆగండి. అప్పుడు "ఒక అడుగు ముందుకు" అనండి. ఇంట్లో అందరూ ఇదే మాట వాడాలి. అమ్మ ఒకటి, నానమ్మ ఒకటి, అంగన్‌వాడీ టీచర్ ఇంకొకటి చెబితే పిల్ల తికమక పడుతుంది.

కుడి ఎడమలు ఇంకా నిలవని పిల్లలకు మన ఇండ్లల్లో ఎప్పటినుంచో ఉన్న మాటే సరిపోతుంది: బువ్వ తినే చెయ్యి. కుడి చేతికి ఎర్రదారం కట్టి, బొమ్మకు కుడిపక్కన ఎర్ర టేపు ముక్క అంటించండి. "ఎర్రదారం దిక్కు తిరుగు" అంటే బొమ్మకూ పిల్లకూ ఒకటే గుర్తు. పొలం ఉన్న ఇంట్లో తాతను అడిగితే ఎడమది దాపటెద్దు, కుడిది వలపటెద్దు అని చూపిస్తాడు. ఎద్దులు ఎటు తిరిగినా దాపటిది దాపటిదే. బొమ్మ ఎడమా అంతే, అది ఎటు మళ్ళినా దాని ఎడమ దానితోనే ఉంటుంది. పిల్లలకు ఈ పోలిక బాగా అందుతుంది.

బొమ్మ పిల్లకు ఎదురుగా వస్తున్నప్పుడు ఇంకో చిక్కు. అప్పుడు బొమ్మ కుడి, పిల్ల ఎడమ అవుతుంది. ఐదేండ్ల పిల్ల దాన్ని తలలోనే తిప్పి చూసుకోలేకపోవచ్చు, అది తప్పు కాదు. నోటితో వివరించి లాభం లేదు. పిల్లను లేపి, బొమ్మ నడిచే చాపకు అవతలి పక్కకు తీసుకుపోయి, బొమ్మ వెనకాల కూర్చోబెట్టండి. బొమ్మ తోక వెనుక పిల్ల మోకాళ్ళుండాలి. కొన్ని వారాలకు పిల్ల లేవకుండానే మెడ పక్కకు వంచి, భుజాలు తిప్పి చూసుకోవడం మొదలుపెడుతుంది. అలా తిప్పుతుంటే మధ్యలో మాట్లాడకండి. లెక్క అప్పుడు ఒంట్లోంచి తలలోకి పోతున్నది.

ఇప్పుడు చాప. దీనికి డబ్బు పెట్టక్కర్లేదు. పెండ్లికో పుట్టినరోజుకో కట్టిన పాత ఫ్లెక్సీలు ప్రతి గల్లీలో దొరుకుతాయి. 3 అడుగులు × 2 అడుగుల ముక్క కోయండి. అంటే సుమారు 91 × 61 సెంటీమీటర్లు. తెల్లటి వెనుకవైపు మీద 15 సెంటీమీటర్ల గళ్ళు గీస్తే పొడవున ఆరు, వెడల్పున నాలుగు, అంచుకు అర సెంటీమీటరు మిగిలి సరిగ్గా సరిపోతాయి. చెరగని మార్కర్‌తో గీయాలి, స్కెచ్ పెన్ తడిబట్టకు పోతుంది. చుట్టిపెట్టిన ఫ్లెక్సీ అంచులు లేస్తాయి, బొమ్మ వాటికి తట్టుకుంటుంది. ముందురోజు ఎదురుదిక్కుకు చుట్టి, ఆ తర్వాత రాత్రంతా పరుపు కింద పరిచి ఉంచితే చదునవుతుంది.

గీసే ముందు ఒక కొలత తప్పనిసరి. మీ బొమ్మ అడుగు ఎంతో పెట్టె మీద చూసి నమ్మకండి. నేల మీద చాక్‌తో గీత గీసి, బొమ్మ చక్రం గీత మీద ఉంచి, పది అడుగులు ముందుకు పంపండి. చక్రం ఆగినచోటు దాకా కొలిచి పదితో భాగించండి. 148 సెంటీమీటర్లు వస్తే అడుగు 14.8. గడి అంతే గీయాలి. రెండు మిల్లీమీటర్ల తేడా ఒక్క అడుగులో కనబడదు కానీ పదో అడుగుకు బొమ్మ గీత మీదికి వచ్చేస్తుంది. మలుపును కూడా చూసుకోండి: కుడికి నాలుగుసార్లు తిప్పితే మొదట చూసిన దిక్కే చూడాలి.

అడుగు 15 సెంటీమీటర్లుండి, ఇంట్లో రెండడుగుల టైల్స్ ఉంటే చాప కూడా అక్కర్లేదు. 60 సెంటీమీటర్ల టైల్‌కు నాలుగు అడుగులు, అడుగు టైల్‌కు రెండు. షాబాద్ బండల నేల మీద మాత్రం కుదరదు. బండల సందుల్లో చిన్న చక్రం దిగి, బొమ్మ కొద్దిగా వంకర తిరుగుతుంది. మట్టి వాకిలి, చెక్కిన గ్రానైట్ కూడా ఇంతే. వాటి మీద చాప పరవాల్సిందే.

చాప మీద ఊరు గీయండి. పిల్లలకు తెలిసిన చోట్లయితే దారి వాళ్ళంతట వాళ్ళే అడుగుతారు. మన వరంగల్‌కు ఇట్లా పెట్టొచ్చు: ఎడమనుంచి కుడికి ఆరు నిలువు వరుసలు, మన వైపునుంచి పైకి నాలుగు అడ్డ వరుసలు. ఒకటో నిలువు, రెండో అడ్డంలో కాజీపేట స్టేషన్. మూడో నిలువు, మూడో అడ్డంలో వేయి స్తంభాల గుడి. నాలుగో నిలువు, రెండో అడ్డంలో భద్రకాళి గుడి. ఆరో నిలువు, ఒకటో అడ్డంలో ఖిలా వరంగల్ తోరణం. పడమర కాజీపేట, నడుమ హన్మకొండ, తూర్పున కోట. దూరాలు నిజమైనవి కాకపోయినా దిక్కులు సుమారుగా సరిపోతాయి. ప్రతి గడిలో పేరు రాయకండి, బొమ్మ గీయండి: రైలు డబ్బా, స్తంభాలు, చెరువు పక్కన గుడి, తోరణం.

కార్డులకు పాత పెండ్లిపత్రికలు మంచివి, మందంగా ఉంటాయి, ఊరికే దొరుకుతాయి. 7 సెంటీమీటర్ల చదరాలుగా కోసి, ముందుకు 12, ఎడమకు తిరుగు 4, కుడికి తిరుగు 4, వెనక్కు 2 చేయండి. ముందుకు ఆకుపచ్చ, ఎడమ పసుపు, కుడి ఎరుపు, చేతి దారానికీ బొమ్మ టేపుకూ సరిపోయేలా. తిరుగు కార్డు మీద నేరు బాణం గీయొద్దు, అర్ధచంద్రంలా వంగిన బాణం గీయాలి. నేరు బాణం గీస్తే మళ్ళీ 'పక్క గడిలోకి పో' అనే అర్థమే వస్తుంది. ఇంకో జాగ్రత్త: కార్డు తలకిందులైతే ముందుకు బాణం వెనక్కు బాణమైపోతుంది. అందుకే ప్రతి కార్డుకు కింది అంచున మందపాటి నల్లగీత గీయండి. "నల్లగీత నీ పొట్ట దిక్కు" అంటే పిల్లలకు అర్థమైపోతుంది.

కార్డులను ఎడమనుంచి కుడికి ఒక వరుసలో పేర్చాలి. బొమ్మ నడిచేటప్పుడు ఒక పిల్ల బట్టల క్లిప్పును మొదటి కార్డుకు పెట్టి, బొమ్మ ఒక్కో పని చేస్తుంటే ఒక్కో కార్డుకు జరపాలి. పెర్ల్‌మన్ పెట్టిన దీపం పని ఈ క్లిప్పు చేస్తుంది. బొమ్మ తప్పుదారి పట్టినప్పుడు క్లిప్పు ఏ కార్డు మీద ఉందో చూస్తే తప్పు ఎక్కడో తెలిసిపోతుంది. బీ-బాట్ లాంటి బొమ్మలు అడుగుకూ అడుగుకూ నడుమ ఒక క్షణం ఆగుతాయి, క్లిప్పు జరపడానికి అది సరిపోతుంది.

మొదటి ప్రయాణం కాజీపేట నుంచి వేయి స్తంభాల గుడికి. బొమ్మ తూర్పు చూస్తూ స్టేషన్ గడి నడిమిలో ఉండాలి. కార్డులు నాలుగు: ముందుకు, ముందుకు, ఎడమకు తిరుగు, ముందుకు. నొక్కే ముందు "ఎక్కడ ఆగుతది?" అని అడిగి, ఆ గడిలో పిల్లతో ఒక చింతగింజ పెట్టించండి. ఈ గింజను మరవద్దు. గింజ లేకపోతే బొమ్మ ఎక్కడ ఆగినా "నేను అదే అనుకున్న" అంటారు. గింజ ఉంటే అనుకున్నదీ అయినదీ రెండూ కండ్ల ముందే ఉంటాయి.

రెండో ప్రయాణం గుడి నుంచి కోటకు. ఇక్కడ చాలామంది పిల్లలు, పెద్దలు కూడా, బొమ్మ ఇంకా తూర్పే చూస్తున్నదనుకొని ముందుకు కార్డుతో మొదలుపెడతారు. అది ఎడమకు తిరిగి పైకి పోయింది కదా, ఇప్పుడు ఉత్తరం చూస్తున్నది. కాబట్టి మొదట కుడికి తిరుగు. తర్వాత ముందుకు మూడు, మళ్ళీ కుడికి తిరుగు, ముందుకు రెండు. మొత్తం ఏడు కార్డులు. ఏడు ఒక్కసారి పెట్టలేని పిల్లకు సగం దారి వరకే పెట్టి నడిపించండి. ఆగినచోటునుంచి మిగతాది. అలా ముక్కలుగా చేయడం కూడా నేర్చుకోవాల్సిందే.

తప్పు వచ్చినప్పుడు పిల్లలు చేసే పని కార్డులన్నీ చెదరగొట్టడం. ఆపండి. "ఇక్కడిదాకా మంచిగనే వచ్చింది కదా, ఏ కార్డు కాడ తప్పింది చిన్నా?" అనండి. ఒక్క కార్డు మాత్రమే మార్చనివ్వండి. బొమ్మను మళ్ళీ స్టేషన్‌లో పెట్టి మొదటినుంచి నడపండి. రెండు మూడు కార్డులు ఒక్కసారే మారిస్తే ఏది మార్చడం వల్ల బాగైందో తెలియదు.

బొమ్మ 'మాట వినడం లేదు' అని పిల్లలు చెప్పే సందర్భాల్లో ఎక్కువసార్లు కారణం ఒకటే: పాత ఆదేశాలు తుడవకపోవడం. బీ-బాట్‌లో ఇంటూ గుర్తు బటన్ నొక్కకపోతే కొత్తగా నొక్కినవి పాతవాటి వెనుక చేరతాయి. బొమ్మ ముందు పాత దారి నడిచి ఆ తర్వాత కొత్తది నడుస్తుంది. "పలక తుడిచినవా?" అని ప్రతిసారి అడగండి. పలక తుడువు, కార్డులు చూసి నొక్కు, నడువు బటన్ నొక్కు, ఇదే వరుస. రెండో కారణం వేళ్ళు. తొందరగా నొక్కితే బటన్ ఒక్కోసారి అందుకోదు, గట్టిగా నొక్కి చెయ్యి జారితే రెండుసార్లు పడుతుంది. ఒకరు కార్డు చదవాలి, ఒకరు నొక్కాలి, నొక్కినప్పుడల్లా కార్డు చదివినవాళ్ళు ఆ కార్డును వేలితో తాకాలి.

మూడోది మొదట్లో పెట్టే తీరు. బొమ్మ ముక్కు గీతకు 5 డిగ్రీలు పక్కకు ఉన్నా కంటికి తెలియదు. కానీ ఆరు అడుగులు పోయేసరికి 8 సెంటీమీటర్లు, అంటే సగం గడి పక్కకు జరుగుతుంది. అప్పుడు కార్డులన్నీ సరిగ్గా ఉన్నా బొమ్మ తప్పుతుంది, పిల్ల తనదే తప్పనుకుంటుంది. స్టేషన్ గడిలో బొమ్మ వెనుక ఒక చిన్న స్కేలును టేపుతో అంటించి, దానికి ఆనించి పెట్టడం అలవాటు చేయండి. నాలుగోది చక్రాలు. వెంట్రుకలు, బతుకమ్మ పండుగనాటి దారప్పోగులు ఇరుసుకు చుట్టుకుంటే ఒక చక్రం వెనుకబడి బొమ్మ అటే వంగుతుంది. చిమటాతో లాగేయండి. ముగ్గు మీద ఎప్పుడూ నడపొద్దు, ఆ పిండి లోపలి గేర్లలోకి, అంటే పండ్లున్న చక్రాల్లోకి పోతే గరగర మొదలవుతుంది. చాక్ పొడి కూడా చక్రాల పట్టును తగ్గిస్తుంది, ఆడినాక తడిబట్టతో తుడిచి ఆరబెట్టాలి.

ఒక బొమ్మకు నలుగురికంటే ఎక్కువ మంది వద్దు. ఒకరు దారి చెప్తారు, ఒకరు కార్డు పేరుస్తారు, ఒకరు నొక్కుతారు, ఒకరు క్లిప్పు జరుపుతారు. ప్రతి ప్రయాణానికి పనులు మారాలి. నాలుగేండ్ల వాళ్ళకు పది నిమిషాలు, ఐదేండ్ల వాళ్ళకు ఇరవై. ఆ తర్వాత నొక్కుడు పిచ్చి మళ్ళీ మొదలవుతుంది. ఇరవై ఐదు మంది ఉన్న అంగన్‌వాడీలో ఒకే బొమ్మ ఉంటే మిగతావాళ్ళు వాకిట్లో గళ్ళ మీద ఒంటితో ఆడాలి, ఆయమ్మ చప్పట్లు కొట్టాలి. ఇంట్లోనైతే ఇంకో మాట చెప్పాలి. బొమ్మ రాగానే రిమోట్ పెద్దన్న చేతిలోకో మేనమామ చేతిలోకో పోతుంది, చిన్నపిల్ల చూస్తూ కూర్చుంటుంది. చూడటం వల్ల ఏమీ రాదు. రిమోట్ చిన్నపిల్లదే అని ముందే చెప్పి పెట్టండి. ఆడపిల్లల విషయంలో ఇది ఇంకా గట్టిగా చెప్పాలి.

రిమోట్ కార్లలో కొనేముందు చూసుకోవాల్సినవి రెండు. చవక కార్లు చాలావరకు 27 మెగాహెర్ట్జ్ రేడియో తరంగాల మీద నడుస్తాయి. అన్నకొకటి చెల్లెకొకటి అదే రకం కొంటే ఒక్క రిమోట్‌కు రెండు కార్లూ కదులుతాయి. నొక్కకుండానే బండి పోతుంటే పిల్లకు కారణం-ఫలితం ముడి తెగిపోతుంది. రెండు కావాలంటే 2.4 గిగాహెర్ట్జ్ అని రాసి ఉన్నవి తీసుకోండి. అవి ఏ రిమోట్‌కు ఆ కారే జత కడతాయి. ఇంకా చవక రకంలో ఒకటే బటన్ ఉంటుంది. వదిలితే ముందుకు పోతుంటుంది, నొక్కితే వెనక్కు వస్తూ పక్కకు తిరుగుతుంది. దాంతో కావాల్సిన దిక్కుకు పంపడం పెద్దలకే రాదు. అది కొనకండి.

రెండో రకం బొమ్మను ఇంట్లోనే చేయొచ్చు, తీగ రిమోట్‌తో. కావాల్సినవి: 60 ఆర్‌పీఎం (నిమిషానికి 60 చుట్లు తిరిగే) బీఓ గేర్ మోటార్లు 2 (పసుపు రంగువి), 65 మిల్లీమీటర్ల చక్రాలు 2, ముందుకు ఎటైనా తిరిగే చిన్న క్యాస్టర్ చక్రం 1, వదిలితే నడిమికి వచ్చే స్ప్రింగ్ డీపీడీటీ స్విచ్‌లు (మోటార్ తిరిగే దిక్కు మార్చే ఆరు కాళ్ళ స్విచ్‌లు) 2, నాలుగు పెన్సిల్ సెల్లు పట్టే పెట్టె 1, సన్నటి మెత్తని తీగ, 15 × 10 సెంటీమీటర్ల ప్లైవుడ్ ముక్క. దుకాణంలో 150 ఆర్‌పీఎం మోటార్ చేతిలో పెడితే వద్దనండి. 65 మిల్లీమీటర్ల చక్రం ఒక చుట్టుకు 20 సెంటీమీటర్లు పోతుంది. నిమిషానికి 150 చుట్లంటే సెకనుకు అరమీటరు, పిల్ల చెయ్యి కదిపేలోపు గోడకు తగులుతుంది. 60 అయితే సెకనుకు 20 సెంటీమీటర్లు, అది పిల్లకు అందే వేగం.

స్విచ్ కింద ఆరు కాళ్ళుంటాయి, రెండు నిలువు వరుసల్లో మూడేసి. నడిమి రెండు కాళ్ళకు మోటార్ తీగలు. పై రెంటికి బ్యాటరీ ప్లస్, మైనస్. పై ఎడమ కాలునుంచి కింది కుడి కాలుకు ఒక తీగ, పై కుడినుంచి కింది ఎడమకు ఇంకొకటి, అడ్డంగా దాటేలా. నిలువుగా కలిపితే మీట ఎటు నూకినా మోటార్ ఒకే దిక్కు తిరుగుతుంది. అన్నీ సరిగ్గా కలిపినా ఒక చక్రం వెనక్కు తిరుగుతుంటే ఆ మోటార్ రెండు తీగలు తారుమారు చేయండి. మోటార్‌కున్న రాగి రేకులు పలచన, తీగ గుంజితే విరిగిపోతాయి. ప్లైవుడ్‌కు రంధ్రం చేసి తీగను అందులోంచి తీసి ముడి వేస్తే గుంజుడంతా ముడి మీదనే పడుతుంది. రిమోట్ తీగ మీటరున్నర ఉండాలి. పొట్టిగా ఉంటే పిల్ల వంగి నడవాలి, పొడుగైతే కాళ్ళకు చుట్టుకుంటుంది. టంకం, కోత పనులు పెద్దలవే. మరను బిగించడం, సెల్లు వేయడం పిల్లలతో చేయించండి.

దీన్ని ఐదేండ్లు నిండిన పిల్లలకే ఇవ్వండి. రెండు మీటలు రెండు చక్రాలవి. ఎడమ మీట ఒక్కటే ముందుకు నూకితే బండి కుడికి తిరుగుతుంది. ఇది వింతగా అనిపిస్తుంది, కానీ చెప్పేయకండి. రెండు మోటార్లు ఎప్పుడూ సరిగ్గా ఒకే వేగంతో తిరగవు కాబట్టి బండి ఒక పక్కకు లాగుతుంటుంది. చేత్తో నడిపే బండికి అది లోపం కాదు, పిల్ల చూస్తూ సరిదిద్దుకుంటుంది.

సెల్లు విషయం గట్టిగా చెప్పాలి. బిళ్ళలాంటి బటన్ సెల్ ఉన్న బొమ్మ ఏదీ ఈ వయసు పిల్లలున్న ఇంట్లో ఉండకపోవడమే మంచిది. మింగితే అన్ననాళంలో ఇరుక్కొని రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాలుస్తుంది. మింగినట్టు అనుమానమొచ్చినా కక్కించొద్దు, ఆగొద్దు, నేరుగా పెద్దాసుపత్రికి పోవాలి. సెల్ మూతకు మర ఉన్నదే కొనాలి. 2021 జనవరి 1 నుంచి మన దేశంలో అమ్మే బొమ్మలకు ఐఎస్ఐ గుర్తు తప్పనిసరి. బ్యాటరీ బొమ్మల మీద ఐఎస్ 15644 అని ప్రమాణం నంబరు ఉంటుంది. జాతరలో, రోడ్డు పక్కన గుర్తు లేనివి చాలా దొరుకుతాయి. పాత సెల్‌తో కొత్తది కలపొద్దు. వారం ఆడకపోతే సెల్లు తీసి పెట్టాలి. మే నెల ఎండలో కారులోనో వాకిట్లోనో వదిలేస్తే సెల్లు కారి స్ప్రింగులకు పొక్కు కడుతుంది. ఆల్కలైన్ సెల్ కారితే దూదికి కొంచెం నిమ్మరసం అద్ది తుడిచి, తర్వాత తడిబట్టతో తుడిచి, పూర్తిగా ఆరాక వాడుకోవచ్చు.

ఐదున్నర దాటి, ఏడు కార్డుల దారి తడబడకుండా పెట్టే పిల్లకు చాప తీసేయండి. బొమ్మ వెనుక ఒక స్కెచ్ పెన్నును టేపుతో నిలువుగా కట్టి, మొన నేలను తాకీతాకనట్టు ఉంచి, కింద పెద్ద కాగితం పరవండి. ముందుకు, ముందుకు, కుడికి తిరుగు. నడపండి. ఇప్పుడు పలక తుడవకుండా నడువు బటన్ మళ్ళీ నొక్కించండి, ఇంకోసారి, ఇంకోసారి. నాలుగోసారికి గీత మొదలైన చోటుకే వచ్చి చదరం మూసుకుంటుంది, బొమ్మ మొదట చూసిన దిక్కే చూస్తుంటుంది. పెన్ను వెనుక ఉంటుంది కాబట్టి మూలల దగ్గర గీత కొద్దిగా గుండ్రంగా వంగుతుంది. ఎందుకట్లా వంగిందని పిల్ల అడిగితే, పెన్ను తీసి పక్కకు కట్టి మళ్ళీ నడిపి చూడమనండి.